వేపర్ లాక్ (పాత కార్లు)

వేపర్ లాక్ అనగా ఇంజనుకు పోవు పెట్రోలు కార్బురేటరును చేరక మునుపే, గొట్టములోనో పంపులోనో వేడికి ఆవిరిగా మారి, వెనుక నుండి వచ్చు ద్రవమునకు దారి ఇవ్వక నిలిచిపోవుట. ఇంధనము అందని ఇంజను మొదట తడబడి, పిదప ఆగిపోవును. ట్యాంకులో పెట్రోలు నిండుగా ఉండగనే, ఏ భాగమూ విరగకుండగనే కారు నడిరోడ్డుపై నిలిచిపోవుట దీని లక్షణము. కార్బురేటరు, ఇంజనుతో నడచు ఇంధన పంపు కలిగిన పాత కార్లలో, అనగా అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్ వంటి వాటిలో, ఎండలు తీవ్రముగా ఉండు చోట్ల ఇది తరచు ఎదురగును. ఆంధ్ర ప్రదేశ్‌లోని నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతము అట్టి చోట్లలో ఒకటి.

దీనిని తెలుగులో "ఆవిరి అడ్డు" అని చెప్పవచ్చును గాని వాడుకలో "వేపర్ లాక్" అను మాటయే స్థిరపడినది. కొందరు దీనిని "ఎయిర్ లాక్" అని కూడ అందురు. అది సరి కాదు. ఎయిర్ లాక్ డీజిల్ ఇంజనులకు సంబంధించినది. పొలములలోని ఆయిల్ ఇంజనుకు డీజిల్ అయిపోయినపుడు గొట్టములోనికి బయటి గాలి చొరబడును. నట్టు వదులు చేసి ఆ గాలిని తీసిన గాని ఇంజను మరల నడువదు. వేపర్ లాక్‌లో బయటి గాలి ప్రమేయము లేదు. అడ్డుపడునది పెట్రోలు ఆవిరియే. చల్లబడినచో ఆ ఆవిరి మరల ద్రవమగును. అందువలననే వేపర్ లాక్ వచ్చిన కారు అరగంట నీడలో నిలిపినచో తనంతట తానే బాగుపడినట్లు కనిపించును. డీజిల్ సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటిన పిదపనే మరుగుట మొదలుపెట్టును గనుక డీజిల్ కార్లకు ఈ బాధ లేదు.

కారణములు

నీరు ఒకే ఉష్ణోగ్రత వద్ద, అనగా సముద్రమట్టమున 100 డిగ్రీల వద్ద మరుగును. పెట్రోలు అట్లు కాదు. అది అనేక హైడ్రోకార్బనుల మిశ్రమము గనుక దానికి ఒకే మరుగు స్థానము లేదు. సుమారు 35 డిగ్రీల వద్ద మొదలై 200 డిగ్రీల వరకు అంచెలంచెలుగా మరుగును. అందులోని తేలికపాటి భాగములలో ఒకటి పెంటేన్. దాని మరుగు స్థానము 36 డిగ్రీలు. నంద్యాలలో మే నెల మధ్యాహ్నము చెట్టు నీడలోని గాలియే అంతకంటె వేడిగా ఉండును! పెంటేన్ ఇతర ద్రవములతో కలిసియుండుట వలన వెంటనే ఆవిరి కాదు గాని, పెట్రోలు మరుగుటకు ఎంత దగ్గరలో ఉండునో దీనిని బట్టి తెలియును. ఇంజనులోని నీరు సాధారణముగా 80 నుండి 90 డిగ్రీల వేడిలో తిరుగుచుండును. ఇంధన పంపు ఆ ఇంజను దిమ్మకే బిగించబడి ఉండును.

వేడి ఒక్కటియే కారణము కాదు. పీడనము రెండవ కారణము. ఇంతకంటె ముఖ్యమైనది, సాధారణముగా ఎవరూ గమనించనిది ఇదియే. ద్రవముపై పీడనము తగ్గిన కొలది అది తక్కువ వేడికే మరుగును. పాత కార్లలో ట్యాంకు వెనుక, పంపు ముందు ఉండును. కామ్‌షాఫ్ట్‌తో కదలు డయాఫ్రమ్ అను పలుచని పొర, కారు పొడవునా సాగిన సన్నని గొట్టము గుండా పెట్రోలును తన వైపునకు పీల్చుకొనవలెను. పీల్చు గొట్టములో పీడనము వాతావరణ పీడనము కంటె తక్కువగా ఉండును. కావున పెట్రోలు ఎక్కడ మిక్కిలి వేడిగా ఉండునో, అనగా పంపు ముఖద్వారము వద్ద, అక్కడనే దానిపై పీడనము మిక్కిలి తక్కువ. మరుగుటకు ఇంతకంటె అనువైన చోటు వేరొకటి ఉండదు.

బావిపై మోటారు ఉన్నవారికి ఇది సులభముగా బోధపడును. మోటారు నీటిని పైకి ఎంత ఎత్తుకైనను నెట్టగలదు గాని, క్రింది నుండి పీల్చుటకు హద్దు ఉన్నది. సిద్ధాంతరీత్యా చన్నీటికి అది సుమారు 10 మీటర్లు. గొట్టములో గాలి చేరినచో మోటారు ఊరక తిరుగును గాని నీరు రాదు. ఇంధన పంపు కూడ అంతే. ద్రవమును నెట్టుటకు చేయబడిన పంపులో ఆవిరి చేరినపుడు, డయాఫ్రమ్ కదలినపుడెల్లా ఆ ఆవిరి నొక్కబడుచు, సాగుచు అక్కడనే ఉండును, ముందుకు కదలదు. ఒక మిల్లీలీటరు ద్రవ పెంటేన్ ఆవిరియైనచో 200 మిల్లీలీటర్లకు పైగా స్థలమును ఆక్రమించును. గొట్టమును మూయుటకు కొన్ని చుక్కలు చాలును.

చరిత్ర

ఈ బాధ కారుతో పాటు పుట్టినది కాదు. ఫోర్డ్ మోడల్ టి వంటి తొలినాటి కార్లలో ట్యాంకు కార్బురేటరు కంటె ఎత్తున ఉండి, పెట్రోలు దానంతట అదే క్రిందికి దిగెడిది. పంపే లేదు గనుక పీల్చుట అను ప్రశ్నయే లేదు. అయితే నిటారైన ఎత్తుపై ట్యాంకు కార్బురేటరు కంటె క్రిందికి వచ్చినచో ఇంజను ఆగిపోయెడిది. మోడల్ టి కార్లను కొండపైకి వెనుక గేరులో ఎక్కించిన కథలు అందువలన పుట్టినవే. భద్రత కొరకు ట్యాంకును వెనుకకు, క్రిందికి మార్చిన పిదప పెట్రోలును ముందుకు తెచ్చు సాధనము కావలసి వచ్చినది. 1920ల చివరి నుండి డయాఫ్రమ్ పంపులు వ్యాపించినవి. వేపర్ లాక్ కూడ అప్పటి నుండియే పెద్ద సమస్య అయినది.

భారతదేశములో ఈ తరము కార్లు చాల కాలము కొనసాగినవి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ ఆధారముగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వారు తయారు చేసిన అంబాసిడర్ 1958 నుండి 2014 వరకు వచ్చినది. దాని 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు లోనికి పోవు మార్గము, పొగ వెలుపలికి వచ్చు మార్గము రెండును ఒకే ప్రక్కన ఉండును. కార్బురేటరునకు పొగ గొట్టపు సెగ తప్పదు. ఫియట్ 1100 నుండి పుట్టిన ప్రీమియర్ పద్మిని బొంబాయిలోను, స్టాండర్డ్ హెరాల్డ్ మద్రాసులోను తయారైనవి. ఇవన్నియు ఐరోపా వాతావరణము కొరకు రూపొందించిన నమూనాలు. అక్కడి వేసవి మన మాఘమాసము వంటిది.

ఇంధన ఇంజెక్షన్ గల కార్లు వచ్చిన పిదప పరిస్థితి మారినది. వాటిలో విద్యుత్ పంపు ట్యాంకులోనే మునిగి ఉండి, పెట్రోలును సుమారు 3 బార్ పీడనముతో ముందుకు నెట్టును. ఆ పీడనము వద్ద పెట్రోలు అంత తేలికగా మరుగదు. అదనపు ఇంధనము ట్యాంకునకు తిరిగి పోవు ఏర్పాటు ఉన్నచోట గొట్టము చల్లగా కూడ ఉండును. నేటి కార్ల యజమానులకు వేపర్ లాక్ అను మాటయే తెలియకపోవుటకు కారణము ఇది.

నంద్యాల - ఆళ్ళగడ్డ ప్రాంతము

నంద్యాల 2022 ఏప్రిల్ 4 నుండి జిల్లా కేంద్రము. అంతకు ముందు కర్నూలు జిల్లాలో ఉండెడిది. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల కొండల నడుమ కుందూ నది లోయలో ఉన్న ఈ నేల సముద్రమునకు దూరముగా ఉండుట వలన వేసవిలో పొడి వేడి ఎక్కువ. ఏప్రిల్, మే నెలలలో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరుట ఇక్కడ వింత కాదు. రాష్ట్రములో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదగు ఊళ్ళ జాబితాలో నంద్యాల పేరు తరచు కనిపించును. నంద్యాల నుండి శిరివెళ్ళ మీదుగా ఆళ్ళగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. ఇది కర్నూలు - కడప జాతీయ రహదారిలో భాగము.

చదునైన ఈ రహదారిపై కారు వేగముగా పోవుచున్నంత సేపు వేపర్ లాక్ వచ్చుట అరుదు. ఎదురుగాలి బోనెట్ లోపలి వేడిని తీసికొనిపోవును. పెట్రోలు కూడ వేగముగా ప్రవహించుట వలన గొట్టములో నిలిచి కాగుటకు సమయము ఉండదు. కష్టము మూడు సందర్భములలో వచ్చును. మొదటిది, రైలు గేటు వద్దనో, జాతర రద్దీలోనో ఇంజను నడచుచుండగా కారు నిలిచియుండుట. రెండవది, ఘాట్ రోడ్డు. నంద్యాల నుండి గిద్దలూరు పోవు దారి నల్లమల అడవిలో కనుమ దాటును. ఆళ్ళగడ్డ నుండి అహోబిలమునకు పోవువారు ఎగువ అహోబిలము వరకు కొండదారి ఎక్కవలెను. ఎత్తు పెరుగుట వలన పీడనము తగ్గి వేపర్ లాక్ వచ్చునని కొందరు చెప్పుదురు. హిమాలయములలో అది నిజము కావచ్చును గాని నల్లమల ఎత్తునకు ఆ ప్రభావము స్వల్పము. ఇక్కడ అసలు కారణము, నిండు బరువుతో చిన్న గేరులో ఇంజను ఎక్కువ వేడిని పుట్టించుట, కారు మెల్లగా పోవుట వలన గాలి తక్కువగా తగులుట.

మూడవది అందరినీ మోసగించునది. గంటసేపు ప్రయాణము చేసి, ఆళ్ళగడ్డలో ఒక హోటలు ముందు కారు ఆపి, పావుగంటలో కాఫీ త్రాగి వచ్చునప్పటికి కారు స్టార్ట్ కాదు. "ఇంతసేపు చల్లబడినది గదా" అని అందరూ అనుకొందురు. నిజమునకు ఇంజను ఆపగానే ఫ్యాను, నీటి ప్రసరణ రెండును ఆగిపోవును. ఇనుప దిమ్మలోని వేడి పంపునకు, కార్బురేటరునకు ప్రాకును. ఆపిన మొదటి 10, 20 నిమిషములలో ఈ భాగములు నడచునప్పటి కంటె ఎక్కువ వేడెక్కును. కావున వేసవిలో స్వల్ప విరామము కంటె నలుబది నిమిషముల విరామము మేలు. లేనిచో బోనెట్ తెరచియుంచుట మేలు.

గుర్తించుట

వేసవిలో ఆగిన ప్రతి కారునకు వేపర్ లాక్ అని పేరు పెట్టుట పొరపాటు. పెట్రోలు ఆవిరియగుట వలననే కలుగు మరియొక బాధ ఉన్నది. దాని చికిత్స దీనికి సరిగా వ్యతిరేకము. కార్బురేటరు తొట్టిలోని పెట్రోలు మరిగి, పొంగి, ఇంజనులోనికి కారిపోవుట వలన ఇంజను పెట్రోలుతో ముంచెత్తబడును. దీనిని ఫ్లడింగ్ అందురు. వేపర్ లాక్‌లో ఇంజనుకు పెట్రోలు అందదు; ఫ్లడింగ్‌లో పెట్రోలు మితిమీరును.

వాసన మొదటి గుర్తు. బోనెట్ తెరచినపుడు ఘాటైన పెట్రోలు వాసన వచ్చి, స్పార్క్ ప్లగ్గులు తడిగా ఉన్నచో అది ఫ్లడింగ్. అప్పుడు చోక్ లాగరాదు. యాక్సిలరేటరును పదేపదే త్రొక్కరాదు. దానిని పూర్తిగా ఒకేసారి త్రొక్కిపట్టి స్టార్టర్ తిప్పినచో ఎక్కువ గాలి లోనికి పోయి ఇంజను అందుకొనును. ప్లగ్గులు పొడిగా ఉండి, వాసన అంతగా లేక, ఆగుటకు ముందు కారు కొంతదూరము కుదుపులతో వచ్చినచో వేపర్ లాక్ అని అనుమానింపవచ్చును. కొన్ని పంపులకు పైన గాజు గిన్నె ఉండును. అది నిండుగా లేక బుడగలతో ఉన్నచో అనుమానము బలపడును.

విద్యుత్ లోపములు కూడ ఇదే వేషము వేయును. ఇగ్నిషన్ కాయిల్, డిస్ట్రిబ్యూటరులోని కండెన్సర్ వేడెక్కినపుడు పనిచేయక, చల్లబడగానే పనిచేయుట కద్దు. వీటి వలన ఇంజను సాధారణముగా తడబడకుండ, స్విచ్చి కట్టినట్లు ఒక్కసారిగా ఆగిపోవును. మరియొక సులభ పరీక్ష ట్యాంకు మూత. కొన్ని మూతలలో గాలి పోవుటకు సన్నని రంధ్రము ఉండును. అది మన్నుతో మూసికొనిపోయినచో పెట్రోలు ఖర్చయిన కొలది ట్యాంకులో శూన్యము ఏర్పడి, పంపు పీల్చలేకపోవును. ఆ తగ్గిన పీడనము వలన వేపర్ లాక్ కూడ త్వరగా వచ్చును. మూత తిప్పగానే "సుయ్" మని గాలి లోనికి పోయిన శబ్దము వచ్చి, పిదప కారు నడచినచో కారణము దొరికినట్లే.

దారిలో చేయవలసినది

తడబాటు మొదలగునప్పుడే కారును రోడ్డు అంచునకు, వీలైనచో నీడకు చేర్చి ఇంజను ఆపవలెను. బోనెట్ తెరచి 20 నుండి 30 నిమిషములు వేచియుండుట అన్నిటికంటె క్షేమమైన చికిత్స. ఘాట్ రోడ్డులో మలుపు వద్ద ఆగినచో ముందు చక్రముల క్రింద రాయి పెట్టి, పిల్లలను వృద్ధులను కారు దింపి రోడ్డునకు దూరముగా కూర్చుండబెట్టవలెను. మే నెల ఎండలో మూసిన కారులో ఎవరినీ ఉంచరాదు. త్రాగుటకు వేరుగా నీరు ఉంచుకొని మిగిలినదే కారునకు వాడవలెను.

వేచియుండుటకు వీలులేనపుడు తడిగుడ్డ పనికివచ్చును. అంబాసిడర్ టాక్సీల కాలములో డ్రైవర్లు ఒక పాతగుడ్డను, నీళ్ళ డబ్బాను కారులో ఉంచుకొనెడివారు. పంపుపైన, పంపు నుండి కార్బురేటరునకు పోవు గొట్టముపైన తడిగుడ్డ చుట్టినచో, గుడ్డలోని నీరు ఆవిరియగుటకు కావలసిన గుప్తోష్ణమును ఆ లోహము నుండి గ్రహించును. మట్టికుండలో నీరు చల్లబడుట ఇదే సూత్రము. ఈ ఉపాయము అన్ని ఊళ్ళలో ఒకే విధముగా పనిచేయదు. గాలి 44 డిగ్రీలు ఉండి తేమ 15 శాతము మాత్రమే ఉన్నచో, తడిగుడ్డ గాలిలో సుమారు 23 డిగ్రీల వరకు చల్లబడగలదు. సముద్రతీరమున 36 డిగ్రీల ఉక్కపోతలో తేమ 70 శాతము ఉన్నచో 31 డిగ్రీలకు మించి చల్లబడదు. వేడిపంపుపై చుట్టిన గుడ్డ అంత చల్లగా ఉండదు గాని, తేడా మాత్రము నిలుచును. ఎండ ఎంత పొడిగా ఉన్నచో తడిగుడ్డ అంత బాగుగా పనిచేయును. నంద్యాల డ్రైవరు మచిలీపట్నము డ్రైవరు కంటె ఈ విషయములో అదృష్టవంతుడు.

గుడ్డను తడిపి పిండి చుట్టవలెను గాని చెంబుతో నీళ్ళు పోయరాదు. కాలుచున్న పోత ఇనుముపై చన్నీరు పడినచో పగులు వచ్చును. డిస్ట్రిబ్యూటరుపై నీరు పడినచో అసలు లోపమునకు మరియొకటి తోడగును. వేడి రేడియేటరు మూతను తెరచుట కూడ మిక్కిలి అపాయకరము. దీనికి వేపర్ లాక్‌తో సంబంధమే లేదు.

పంపు చల్లబడిన పిదప, దానికి చేతితో కదపు చిన్న మీట ఉన్నచో దానిని కొన్ని సార్లు కదపి పెట్రోలును రప్పించవచ్చును. మీట లేనిచో స్టార్టరును ఒక్కొక్కసారి కొద్ది క్షణములు మాత్రమే త్రిప్పుచు, నడుమ విరామము ఇవ్వవలెను. కార్బురేటరు నోటిలో పెట్రోలు పోసి స్టార్ట్ చేయు పద్ధతిని కొందరు మెకానిక్కులు గొప్ప నైపుణ్యముగా చూపుదురు. ఇది ఎట్టి పరిస్థితిలోను చేయదగినది కాదు. ఇంజను వెనుకకు తన్నినచో మంట కార్బురేటరు నోటి నుండి వెలుపలికి వచ్చి చేతిలోని సీసాను అంటుకొనును. పెట్రోలు ఆవిరి సున్నా కంటె 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడ నిప్పురవ్వకు అంటుకొనగలదు. అది గాలికంటె బరువైనది గనుక కారు క్రింద నేలపై ప్రాకుచు నిలిచియుండును. దగ్గరలో ఎవరును బీడీ, సిగరెట్టు వెలిగింపరాదు. ప్లగ్గు తీసి స్పార్క్ చూచునపుడు కూడ పెట్రోలు కారుట లేదని నిశ్చయించుకొనవలెను. పాత కారులో చిన్న అగ్నిమాపక సాధనము ఉంచుట అవసరము.

శాశ్వత చికిత్స

ఒకసారి వచ్చిన వేపర్ లాక్‌ను ఎండకు వదలివేయవచ్చును. ప్రతి వేసవిలోను వచ్చుచున్నచో కారులో లోపము వెదకవలెను. ఇవే కార్లు కొత్తవిగా ఉన్నపుడు ఇదే ఎండలో నడచినవి గదా! రేడియేటరులో ఉప్పుపొర పేరుకొనుట, ఫ్యాను బెల్టు వదులగుట, ఇగ్నిషన్ టైమింగ్ వెనుకబడుట, ఇవన్నియు బోనెట్ లోపలి వేడిని పెంచును. టైమింగ్ వెనుకబడినచో పొగ గొట్టము మామూలు కంటె ఎక్కువ కాలును. మూసికొనిపోయిన ఫిల్టరు పంపు పీల్పును కష్టతరము చేసి గొట్టములో పీడనమును తగ్గించును. పగిలిన రబ్బరు గొట్టము గాలిని పీల్చును. పాతబడిన డయాఫ్రమ్ బలహీనముగా లాగును. వీటిని సరిచేయక కొత్త సామగ్రి బిగించుట వలన ప్రయోజనము లేదు.

అటుపిమ్మట వేడిని దూరము చేయవలెను. గొట్టము పొగ గొట్టమునకు దగ్గరగా పోవుచున్నచో దారి మార్చి, వేడి తగులని తొడుగు వేయవలెను. కార్బురేటరు క్రింద బేకలైటు దిమ్మ ఉన్నదో లేదో చూడవలెను. మరమ్మత్తులలో దీనిని తీసివైచి పలుచని గాస్కెట్‌తో సరిపెట్టుట కద్దు. కార్బురేటరునకు, పొగ గొట్టమునకు నడుమ అల్యూమినియం రేకు అడ్డు పెట్టినచో సెగ తగ్గును. గొట్టమునకు బట్టలారవేయు చెక్క క్లిప్పులు తగిలించుట అమెరికాలో పాత ఆచారము. చెక్క వేడిని సరిగా ప్రసరింపనీయదు గనుక అది చల్లబరచునను మాట నమ్మదగినది కాదు.

మూలకారణమునకు చికిత్స, పీల్చుటకు బదులు నెట్టుట. వెనుక ట్యాంకు దగ్గర, దాని అడుగు మట్టమునకు దిగువగా, తక్కువ పీడనపు విద్యుత్ పంపును అమర్చినచో గొట్టమంతయు వాతావరణ పీడనము కంటె ఎక్కువ పీడనములో ఉండును. పాత కార్బురేటర్లకు సాధారణముగా 2 నుండి 4 పి.ఎస్.ఐ. పీడనము చాలును. ఇంజెక్షన్ కారు పంపును తెచ్చి బిగించినచో కార్బురేటరులోని సూదికవాటము ఆ ఒత్తిడికి ఆగక పెట్రోలు పొంగిపొరలి నిప్పు పుట్టును. పాత పంపును అందము కొరకు అక్కడనే ఉంచి, దాని గుండా పెట్రోలు పోనిచ్చువారు ఒక సంగతి గమనించవలెను. దాని డయాఫ్రమ్ చిరిగినచో విద్యుత్ పంపు నెట్టిన పెట్రోలు ఇంజను ఆయిల్‌లోనికి చేరును. అట్టివారు డయాఫ్రమ్ కొత్తదిగా వేయించవలెను, లేదా దానిని దాటి గొట్టము వేయించవలెను. ప్రమాదములో కారు దెబ్బతిన్నపుడు పంపును ఆపు స్విచ్చి, ఫ్యూజు తప్పనిసరి. కొన్ని పాత బ్రిటిష్ నమూనా కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొస కారు బాడీకి కలుపబడి ఉండును. పంపు కొనునపుడు ఇది కూడ చూచుకొనవలెను. మరియొక మంచి ఏర్పాటు, కార్బురేటరు దగ్గర నుండి ట్యాంకునకు సన్నని తిరుగు గొట్టము. దాని గుండా ఆవిరి వెనుకకు పోవును, వేడెక్కిన పెట్రోలు నిలువ ఉండదు.

2021లో కేంద్ర ప్రభుత్వము మోటారు వాహన నియమములను సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ నుండి 50 సంవత్సరములు దాటి, మూలరూపము చెడకుండ ఉన్న వ్యక్తిగత వాహనములను వింటేజ్ వాహనములుగా గుర్తించినది. కావున అట్టి కార్లలో పైన చెప్పిన మార్పులను తిరిగి తీసివేయుటకు వీలుగా, బాడీకి కొత్త రంధ్రములు పడకుండ చేయించుట మంచిది.

పెట్రోలు స్వభావము, ఇథనాల్

పెట్రోలు ఎంత తేలికగా ఆవిరియగునో 37.8 డిగ్రీల వద్ద కొలుచు రీడ్ బాష్ప పీడనము తెలుపును. భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 2796లో దీనితో పాటు "వేపర్ లాక్ ఇండెక్స్" అను లెక్క కూడ కలదు. కిలోపాస్కల్‌లలో కొలచిన బాష్ప పీడనమును 10తో, 70 డిగ్రీల లోపల ఆవిరియగు పెట్రోలు శాతమును 7తో గుణించి కూడినచో ఈ సంఖ్య వచ్చును. వేసవికి హద్దు తక్కువగాను, ఇతర మాసములకు ఎక్కువగాను నిర్ణయించబడినది. ఈ బాధ ఎంత సాధారణమో తెలియుటకు, ఒక జాతీయ ప్రమాణములోనే దీని పేరు ఉండుట చాలును.

దేశములో 20 శాతము ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకము 2023లో మొదలై, 2025 నాటికి దాదాపు అంతటను వ్యాపించినది. ఇథనాల్ మరుగు స్థానము 78 డిగ్రీలు గనుక అది వేపర్ లాక్‌ను తగ్గించునని మొదటి చూపున తోచును. కాని పెట్రోలులో కలిసినపుడు అది తేలికపాటి హైడ్రోకార్బనులతో చేరి, వేరుగా ఉన్నప్పటి కంటె తక్కువ వేడికే మరుగు మిశ్రమమగును. ఈ ప్రభావము 10 శాతము మిశ్రమము వద్ద ఎక్కువ, పిదప క్రమముగా తగ్గును. శుద్ధి కర్మాగారములు మూల పెట్రోలును దానికి తగినట్లు మార్చుకొనును గనుక తప్పంతయు ఇథనాల్‌దే అనుట న్యాయము కాదు. పాత కార్లకు దాని వలన కలుగు పెద్ద నష్టము వేరు. పాత రబ్బరు గొట్టములు, డయాఫ్రమ్‌లు ఇథనాల్‌కు ఉబ్బి, మెత్తబడి, పగులును. అది గాలిలోని తేమను కూడ పీల్చుకొనుట వలన నెలల తరబడి నిలిపిన కారులో ట్యాంకు త్రుప్పు పట్టును. అంతేగాక ఇథనాల్‌కు తక్కువ గాలి చాలును గనుక, మార్చని కార్బురేటరు గల ఇంజను పలుచని మిశ్రమముతో నడచి మరింత వేడెక్కును. ఇథనాల్‌ను తట్టుకొను రబ్బరు సామగ్రి వేయించుట, కార్బురేటరు జెట్టును తగినట్లు మార్పించుట దీనికి మార్గములు.

బ్రేకులలో వేపర్ లాక్

ఇదే పేరుతో బ్రేకులలో కలుగు లోపము ఇంజను ఆగుట కంటె చాల ప్రమాదకరమైనది. కొండ దిగునపుడు బ్రేకు నిరంతరము త్రొక్కినచో డ్రమ్ముల వేడి బ్రేకు ఆయిల్‌ను చేరి, అది మరిగి బుడగలు ఏర్పడును. ద్రవము ఒత్తిడికి కుంచించుకొనదు, ఆవిరి కుంచించుకొనును. కావున పెడలు మెత్తగా నేలవరకు పోవును గాని బ్రేకు పడదు. డాట్ 3 రకము బ్రేకు ఆయిల్ కొత్తదైనపుడు కనీసము 205 డిగ్రీల వరకు మరుగదు. తేమను పీల్చుకొన్న పిదప ఈ హద్దు 140 డిగ్రీలకు పడిపోవును. పాత కార్లు ఎక్కువ కాలము షెడ్డులో నిలిచియుండుట వలన వాటి బ్రేకు ఆయిల్‌లో తేమ చేరుట ఖాయము; కారు నడచినను నడువకపోయినను రెండేళ్ళకొకసారి మార్పించవలెను. ఇంజను ఆయిల్ వంటివి దానికి బదులుగా పోయరాదు, రబ్బరు సీళ్ళు ఉబ్బి బ్రేకులు పట్టుకొనిపోవును.

ఎగువ అహోబిలము నుండిగాని, గిద్దలూరు కనుమ నుండిగాని దిగునపుడు, ఎక్కుటకు ఏ గేరు వాడిరో సుమారుగా అదే గేరులో దిగవలెను. వేడెక్కి ఆగునను భయముతో ఇంజను కట్టివేసి న్యూట్రల్‌లో జారవిడుచుట కొందరి అలవాటు. అప్పుడు కారు భారమంతయు బ్రేకులపైననే పడును. పెడలు మెత్తబడినట్లు తోచినచో వెంటవెంటనే అనేక పర్యాయములు త్రొక్కుచు, చిన్న గేరునకు మార్చి, చేతిబ్రేకును మెల్లగా లాగుచు కొండవైపు అంచున కారును నిలుపవలెను. అరగంటకు పెడలు మరల గట్టిపడును గాని, ఆయిల్ మార్పించక ముందుకు పోరాదు.